రేయి గడప: ఏడు పాటల ఆల్బమ్ పని డైరీ

జూన్ 9, 2024

ఈ రోజు పని మొదలైంది. ఇంకా మైకు బిగించలేదు. గోడకు ఒక తెల్ల కాగితం అంటించి ఒకటి నుంచి ఏడు వరకు అంకెలు వేశాను, అంతే. ఏడు పాటలు. నాలుగు బాలాంత్రపు రజనీకాంతరావు గారివి, మూడు నావి.

ఆయన పేరు మీద చేసే ఆల్బమ్‌లో నీ పాటలెందుకని మా ఇంట్లోనే అడిగారు. ఆయన పాటలు పాడితే నాకు గొంతు ఉందని తెలుస్తుంది గాని, ఆయన దగ్గర ఏం నేర్చుకున్నానో తెలియదు. మాటా వరసా ఒకే చేత్తో కట్టడం ఆయన పాటలు విని నేర్చుకున్నాను. కట్టి చూపిస్తేనే అది గురుదక్షిణ అవుతుంది.

ఆయన 1920 జనవరి 29న నిడదవోలులో పుట్టారు. తండ్రి వెంకటరావు గారు వేంకట పార్వతీశ కవుల జంటలో ఒకరు. ఇంట్లోనే పద్యం ఉంది. 1941లో మద్రాసు రేడియోలో చేరారు. పాట రాయడం, దానికి వరస కట్టడం, గాయనీ గాయకులకు నేర్పడం, ప్రసారం చేయించడం అన్నీ ఆ ఉద్యోగంలోనే చేశారు. పైగా తనకు ముందు అలా రాసి పాడినవాళ్లందరి కథనూ వెదికి ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’ రాశారు. 1958లో వచ్చిన ఆ పుస్తకానికి 1961లో కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమతి ఇచ్చింది. వాగ్గేయకారుల చరిత్రను ఒక వాగ్గేయకారుడే రాయడం నాకు ఎప్పుడూ అపురూపంగా తోస్తుంది.

2018 ఏప్రిల్ 22న ఆయన విజయవాడలోనే కన్నుమూశారు. నేను ఇదే ఊళ్లో, సత్యనారాయణపురంలో ఉండి కూడా ఒక్కసారి వెళ్లి నమస్కారం పెట్టలేదు. పండగ వెళ్లాక వెళ్దాం, ఎండలు తగ్గాక వెళ్దాం అనుకుంటూ ఏళ్లు గడిపేశాను. ఆ బాధ ఈ పనితో తీరుతుందని అనుకోవడం లేదు. పని మాత్రం 2025 జనవరి 29 నాటికి, ఆయన నూట అయిదో పుట్టినరోజుకు, పూర్తి కావాలి. ఆదివారాలు మాత్రమే నావి. మిగతా రోజులు పిల్లలకు సంగీతం పాఠాలు.

జూన్ 16

నాన్న కేసెట్టు దొరికింది! అటక మీద ట్రంకుపెట్టెలో, పాత పంచాంగాల కింద. పైన నాన్న చేతిరాత: ‘రేడియో, లలిత గీతాలు’. సంవత్సరం వేయలేదు. నాన్న రేడియో ముందు టేప్‌రికార్డరు పెట్టి రికార్డు చేసేవారు. ఆ కాసేపూ ఇల్లంతా ఊపిరి బిగబట్టుకుని కూర్చోవాలి. నా చిన్నప్పటి క్రమశిక్షణ అంతా అదే.

అందులో ‘చల్లగాలిలో యమునా తటిపై’ ఉందని నాకు గుర్తు. పెట్టి చూస్తే పాట దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టు వినిపించింది. మా రికార్డిస్టు కేసెట్టు విప్పాడు. నాలుగు మూలలా నాలుగు, మధ్యలో ఒకటి, మొత్తం అయిదు స్క్రూలు. లోపల టేపును, దాన్ని చదివే హెడ్డుకు ఒత్తిపట్టే చిన్న మెత్తటి ముక్క జిగురు ఎండి ఊడిపోయి ఒక మూలన పడి ఉంది. పనికిరాని ఇంకో కేసెట్టు విప్పి, దానిలోని ముక్క తీసి దీనికి అమర్చాం. టేపు మెలిక పడకుండా రెండు చక్రాలనూ ఎత్తి పట్టుకోవడం నా పని. రెండు నిమిషాల పనికి చేతులు చెమట పట్టాయి.

తరువాత ప్లేయర్‌లో హెడ్డు పక్కనున్న స్క్రూను సన్నని స్క్రూడ్రైవర్‌తో వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ వచ్చాడు. పావు చుట్టు తిరిగేసరికి దుప్పటి తొలగిపోయింది. అంతవరకు ‘సామ’ అన్నట్టున్న మాట ‘శ్యామ’ అయింది. ఆ ఒక్క శకారం కోసం ఆ పాటను ముప్పయిసార్లు విన్నాను.

మధ్యలో మా వంటింట్లో కుక్కరు కూత ఉంది. దాని వెనకే అమ్మ గొంతు: ‘గ్యాసు తగ్గించండి!’

జూన్ 23

హార్మోనియం మెట్ల లెక్కలో కేసెట్టు పాట శ్రుతి నాలుగున్నరకూ అయిదుకూ సరిగ్గా మధ్యలో ఉంది. అలా ఎవరూ పాడరు. అంటే టేపు వేగం తేడాగా ఉంది. ఎంత తేడా?

రికార్డిస్టు ఒక దారి చూపించాడు. కరెంటు మీద నడిచే పరికరంలో రికార్డు చేస్తే ఆ కరెంటు సన్నని గుయ్‌మనే మోతగా టేపులోకి ఎక్కుతుంది. మన కరెంటు ఫ్రీక్వెన్సీ 50. కంప్యూటర్ తెర మీద ఆ మోత గీత 51.5 దగ్గర కనిపించింది. అంటే టేపు నూటికి మూడు వంతులు వేగంగా తిరుగుతోంది. మూడు శాతం అంటే అర మెట్టులో సగం. తగ్గించి చూస్తే శ్రుతి నాలుగున్నర మీద కూర్చుంది.

నాకు ఆనందం పట్టలేదు గాని, అతనే అడ్డుపడ్డాడు. ‘అక్కా, ఆ రోజుల్లో కరెంటు 50 దగ్గర నిలకడగా ఉండేది కాదు. సాయంత్రం లోడు పెరిగితే కిందికి జారిపోయేది. ఆ పూట 49 ఉందనుకోండి, మన లెక్క తప్పుతుంది.’ నిజమే. 49 అయితే అయిదు శాతం తగ్గించాలి. ఏది సరైనదో పాట చెప్పదు. వేరే సాక్ష్యం కావాలి.

ఆ సాక్ష్యం టేపులోనే ఉంది. ‘గ్యాసు తగ్గించండి’ని మూడు శాతం తగ్గించి వినిపిస్తే అది అమ్మ. అయిదు శాతం తగ్గిస్తే ఎవరో పెద్దావిడ, మా ఇంటి మనిషి కాదు. అమ్మను పిలిచి రెండూ వినిపించాం. మొదటిది వినగానే అమ్మ ‘నేనే’ అంది. రెండోదానికి ఏమీ అనలేదు. నాలుగున్నర ఖాయం చేశాం.

ఈ శ్రుతి నాకు కాస్త కిందికి వస్తుంది. అయినా అదే ఉంచుతున్నాను. పై స్థాయిలో మెరవడం కన్నా కింది స్థాయిలో మాట స్పష్టంగా పలకడం ఈ పాటకు ముఖ్యం.

జూలై 7

అనుమతుల పని. మన చట్టం ప్రకారం రచయిత పోయిన తరువాత అరవై ఏళ్లు హక్కులు వారసులవే. అంటే ఈ పాటలకు 2078 చివరిదాకా. సాహిత్యం, వరస రెండూ ఆయనవే కాబట్టి రెండింటికీ అడగాలి. రేడియో రికార్డింగులోని ధ్వని మీద హక్కు వేరు. దాన్ని మేము ఎక్కడా వాడటం లేదు, విని నేర్చుకుంటున్నాం అంతే. కుటుంబానికి ఉత్తరం రాశాను. ఫోనులో అడిగేయవచ్చు గాని, చేత్తో రాయాలనిపించింది. ఏ పాటలో ఏ వాద్యాలు వాడతామో, ఒక్క చరణం కూడా కుదించబోమని అందులో రాశాను.

జూలై 21

అనుమతి వచ్చింది. కళ్లకు అద్దుకున్నాను.

ఇక ‘చల్లగాలిలో’ అమరిక. గత నెలలో నేను వేసుకున్న నమూనాలో ఆరు వయొలిన్ల గుంపు, కీబోర్డు, బేస్ గిటారు, తబలా ఉన్నాయి. విన్న వాళ్లంతా బాగుందన్నారు. నాకు మాత్రం పాట ఎక్కడో నలుగుతున్నట్టు ఉంది. ఎక్కడో తేలక, పాత అలవాటు ప్రకారం వాద్యాలన్నీ ఆపేసి పంక్తిని మాత్రలు, అంటే అక్షరాలు పలికే కాలం, లెక్కపెడుతూ చదివాను.

చల్ల, మూడు. గాలిలో, అయిదు. యమునా, నాలుగు. తటిపై, నాలుగు. మొదటి సగం ఎనిమిది, రెండో సగం ఎనిమిది, కానీ నడక వేరు. మూడు, అయిదుగా తూగి వచ్చిన గాలి యమున దగ్గరికి రాగానే నాలుగు, నాలుగుగా సర్దుకుంటుంది. ఇంత చిన్న పంక్తిలో గాలి కదలికా నీటి నిలకడా రెండూ ఉన్నాయి! మా తబలా తమ్ముడు మొదటి నుంచీ కహర్వా తాళం వాయిస్తున్నాడు, నాలుగూ నాలుగూ. మాత్రకు ఒక అక్షరకాలం చొప్పున మేము పాడే నడకలో అయిదో మాత్ర మీద పడే దెబ్బ ‘గా’ అనే అక్షరం నడుమన పడుతోంది. గాలి రెండు ముక్కలవుతోంది. నలుగుతున్నది అక్కడే.

తమ్ముడు మంచి వాద్యగాడు. చెప్పగానే అర్థం చేసుకున్నాడు. కానీ ఇరవై ఏళ్ల చేతివాటం తెల్లవారేసరికి మారదు. మూడూ అయిదూ వాయించమంటే మూడో ఆవృతానికి, అంటే తాళం మూడో చుట్టుకు, చేయి తిరిగి నాలుగులోకి వెళ్లిపోతోంది. ఆరు వయొలిన్లలో అయిదు తీసేసి ఒకటి ఉంచాను. కీబోర్డు తీసేశాను. బేస్ గిటారు తీసేశాను. తబలా విషయం తేలలేదు.

ఆగస్టు 11

పిల్లల బృందగానం రోజు. నా దగ్గర నేర్చుకునే పన్నెండుమంది, ‘మాదీ స్వతంత్ర దేశం’.

పాట మొదలుపెట్టే ముందు వాళ్లకు చెప్పాను. 1947 ఆగస్టు 15 వచ్చినప్పుడు మద్రాసు రేడియోలో టంగుటూరి సూర్యకుమారి గారు పాడిన పాట ఇదని, రాసి వరస కట్టినాయనకు అప్పటికి ఇరవై ఏడేళ్లని. ‘అప్పుడు టీవీ లేదా టీచర్?’ అని ఒక పాప. లేదమ్మా, చాలా ఇళ్లలో రేడియో కూడా లేదు. ఉన్న ఇంటి అరుగు మీదికి చేరి వినేవాళ్లు.

అమరికలో కవాతు డప్పులు పెడదామన్న ఆలోచన ఉండేది. తీసేశాను. ఆ పాటలో యుద్ధం లేదు. కొత్తగా చేతికి వచ్చినదాన్ని చూసుకుని ఇది మాది అని చెప్పుకోవడం ఉంది. పిల్లల చప్పట్లు, ఒక హార్మోనియం చాలు.

చిక్కు ‘జాతి’ దగ్గర వచ్చింది. ‘మాదీ స్వతంత్ర దేశం’, నాలుగు, నాలుగు, నాలుగు. ‘మాదీ స్వతంత్ర జాతి’, నాలుగు, నాలుగు, మూడే. చివర ఒక మాత్ర తక్కువ. పిల్లలు ఆ లోటును ‘జాతీ’ అని సాగదీసి పూడుస్తున్నారు. హ్రస్వం దీర్ఘమైతే అది తెలుగులో పిలుపు అవుతుంది. ఇక్కడ ఎవరినీ పిలవడం లేదు. ‘జా’ దగ్గర ఒక మాత్ర ఎక్కువ నిలబడి, ‘తి’ని పువ్వు రాల్చినట్టు వదలాలి. జా అన్నప్పుడు చేతులు దగ్గరికి, తి అన్నప్పుడు చప్పట్టు, అని ఆటలా నేర్పాను. నాలుగోసారికి పన్నెండు గొంతులూ ఒకేసారి ఆ చిన్న తి దగ్గర ఆగాయి. ఒళ్లు జలదరించింది. అదే ఉంచాం. అయిదోసారి తీయలేదు.

సెప్టెంబరు 8

పోయిన ఆదివారం పని లేదు. ఊరే లేదు. బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. మా తబలా తమ్ముడి ఇల్లు అక్కడే. మూడు రోజులు వాళ్లు మేడ మీద ఉన్నారు. అందరూ క్షేమం, ముందు ఆ మాట రాయాలి.

ఈ రోజు వెళ్లి చూశాను. గోడల మీద నా భుజం ఎత్తున బురద గీత. తబలా జత గుమ్మంలో ఎండలో పెట్టి ఉంది. చర్మం ఉబ్బి, నడిమి నల్ల మచ్చ కరిగి జారిపోయి ఉంది. కుడి తబలా కొయ్య చీలింది. అతను దాన్ని పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. రికార్డింగు మాట నేను ఎత్తలేదు. బీరువాలోంచి తీసిన బట్టలు ఉతకడంలో సాయం చేసి వచ్చాను.

సెప్టెంబరు 22

తమ్ముడే ఫోను చేశాడు. ‘అక్కా, ఘటం ఉంది. కాల్చిన మట్టి కదా, నీళ్లు ఏమీ చేయలేదు. కడిగి పెట్టాను. రమ్మంటారా?’

అతను చిన్నప్పుడు మొదట నేర్చుకున్నది ఘటమే, తరువాత లలిత సంగీతం కచేరీల కోసం తబలాలోకి మారాడు. నాకు ఇన్నేళ్లుగా తెలియదు. ఇంట్లో ఇంకా తడి ఆరలేదని, ఇక్కడికి వచ్చి వాయిస్తే మనసు కుదుటపడుతుందని అన్నాడు.

‘చల్లగాలిలో’ పెట్టాం. ఘటం మీద అతని చేతికి కహర్వా అలవాటు లేదు. పాట మాటలు కాగితం మీద రాసి ఎదురుగా పెట్టుకుని, అక్షరాల వెంట వాయించాడు. చల్ల, గాలిలో. మూడు, అయిదు. వేళ్లగోళ్లతో మెల్లగా. ‘యమునా’ దగ్గర అరచేతిని ఘటం మూతి మీదికి తెచ్చి ఒక్క లోతైన నాదం. రెండోసారికే పాట కుదిరింది. ఆ ఘటం గొంతులో కాస్త చెమ్మ కూడా వినిపిస్తుందని నాకు అనిపిస్తుంది. మిగతా మూడు పాటలకూ ఘటమే అనుకున్నాం. కొత్త తబలా కోసం అతని పారితోషికం ముందే ఇచ్చేశాను.

అక్టోబరు 20

ఈ నెలంతా నా పాటతోనే పోయింది. ఆల్బమ్‌కు పేరు పెట్టిన పాట అది. రజనీకాంతరావు గారి పేరులోని రజని అంటే రాత్రి. ఆ పేరును పట్టుకుని రాశాను:

రేయి గడపను దాటి వచ్చిన
పాట ఎవరిది గాలిలో

మూడు, నాలుగు; మూడు, నాలుగు. మిశ్రగతి, ముత్యాల సరాల నడక. రాసినప్పుడు సంతోషపడ్డాను. పాడినప్పుడు నచ్చలేదు. ఎందుకంటే అసలు వరస మాటల కన్నా ముందు పుట్టింది. ఆగస్టులో ఒక సాయంత్రం హార్మోనియం మీద దొరికిన వరస, తరువాత దానికి మాటలు అతికించాను. ‘గడపను’లో డకారం మీద వరస మూడు స్వరాలు ఊగుతుంది. పాడితే ‘గడాపను’ అవుతోంది. పదిమంది గాయకులు ఇలా పాడగా విని కోప్పడినదాన్ని నేను!

మాట మార్చి చూశాను. గడప బదులు వాకిలి, గుమ్మం, అరుగు. ఏదీ ఆ చోట నిలవలేదు. రాత్రికి గడప ఉండాలి, దాన్ని పాట దాటాలి. మూడు ఆదివారాలు కుస్తీ పట్టాక, వరసనే వదిలేశాను. అందమైన వరస, వదలడానికి ప్రాణం ఒప్పలేదు.

తరువాత చేసిందిది. హార్మోనియం మూసేశాను. రెండు పంక్తులూ పైకి చదివాను, ఎదుటి మనిషిని అడుగుతున్నట్టు. ‘పాట ఎవరిది?’ అని నిజంగా అడిగితే గొంతు ఎక్కడ లేస్తుంది? ‘ఎవరిది’లో వకారం దగ్గర లేచి, ‘ది’ దగ్గర దిగుతుంది. ‘గడపను’ అన్నప్పుడు గొంతు ఊగదు, అడుగులా పడుతుంది, నాలుగు అక్షరాలు నాలుగు స్వరాలు. ‘గాలిలో’ అయిదు మాత్రలే కాబట్టి మిగిలిన రెండూ మౌనం. మాట్లాడిన ఆ ఎగుడుదిగుళ్లను ఫోనులో రికార్డు చేసుకుని, వాటి వెంట స్వరం పెట్టాను. గంటలో పల్లవి అయిపోయింది. చివరి రెండు మాత్రల మౌనంలో తంబురా ఒక్కటే మోగుతుంది.

రజని గారి పాటల్లో మాట ఎందుకు ఒరుసుకోదో ఇన్నేళ్లు చెవితో తెలుసు. ఈ గంటలో చేతితో తెలిసింది.

నవంబరు 17

వీణ అమ్మగారు మచిలీపట్నం నుంచి వచ్చారు. డెబ్బయి దాటిన మనిషి, బస్సు దిగి వీణ తానే మోసుకొచ్చారు.

మేము పల్లవి వరస స్వరాలు రాసి ఇస్తే పక్కన పెట్టారు. ‘అమ్మాయీ, పాట మాటలేవి? పెద్ద అక్షరాలతో రాసి ఇవ్వు. మాట తెలియకుండా మీటనా?’ అన్నారు. చార్టు కాగితం మీద స్కెచ్ పెన్నుతో రాసి ఎదుట నిలబెట్టాను. కాసేపు పెదవులతో చదువుకున్నారు. ఆ తరువాత మెట్ల కింద మైనం సరిచూసి, శ్రుతి చేసి, ‘ఇక కానివ్వండి నాయనా’ అని రికార్డిస్టుతో అన్నారు.

ఫ్యాను ఆపాం. కిటికీలకు దుప్పట్లు కట్టాం. మైకు మొదట వీణ కుండకు దగ్గరగా పెడితే నాదం నిండుగా ఉంది గాని, వేలు తంతి మీద జారే చప్పుడు పోయింది. జానెడు పైకి జరిపి, మెట్ల వైపు తిప్పితే రెండూ వచ్చాయి. హెడ్‌ఫోను ఒక చెవికే పెట్టుకున్నారు, రెండో చెవి వీణకు. చరణానికీ చరణానికీ మధ్య వాయించింది చాలా తక్కువ. నేను ఎనిమిది ఆవృతాల చోటు ఉంచితే, మూడింటిలో వాయించి చేయి ఎత్తేశారు. మిగతా అయిదూ కోసేశాం.

డిసెంబరు 22

అన్నీ కలిపే పని. ఇందులో చెప్పడానికి పెద్దగా లేదు, చేయడానికి మాత్రం ఉంది. ఒక సంగతి రాసి పెట్టుకుంటాను. పెద్ద స్పీకర్ల మీద బాగున్న పాటను వంటింట్లో ఒకే స్పీకరున్న చిన్న రేడియో పెట్టె మీద వినిపించాం. ఆయన పాటలు బతికింది అలాంటి పెట్టెల్లోనే కదా. మూడు పాటల్లో మాట వెనక్కి పోయింది. తంబురా కొంచెం తగ్గించి, వయొలిన్‌ను పక్కకు జరిపేసరికి మాట ముందుకు వచ్చింది. ధ్వని ఎక్కువ చేయమని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. చేయలేదు. పిల్లల ‘తి’ అంత మెల్లగా ఉంటేనే అందం.

జనవరి 12, 2025

అట్ట మీద పేర్లు. దీనికి ఇంత సమయం పడుతుందనుకోలేదు. రేడియో ఉద్యోగంలో ఉంటూ 1940లలో సినిమాలకు రజని గారు చేసిన పని అంతా ఆయన పేరుతో రాలేదు, అన్నగారు నళినీకాంతరావు గారి పేరుతో వచ్చింది కూడా ఉంది. అది తెలిసిన దగ్గర నుంచి పేర్ల జాబితా అంటే నాకు పట్టుదల. పన్నెండుమంది పిల్లల పేర్లూ తల్లిదండ్రులను అడిగి వేశాం. ఘటం, వీణ, వయొలిన్, హార్మోనియం, రికార్డింగు. చార్టు మీద మాటలు రాయడంలో సాయపడిన పాప పేరు కూడా. ప్రతి పాట కిందా ‘సాహిత్యం, సంగీతం’ అని ఒకే పంక్తి, ఒకే పేరు. నా మూడింటి కిందా అలాగే. అలా రాసుకోవడానికి చేయి వణికింది.

ఫైళ్లు పంపేశాం. మొదటి ప్రతి ఆయన కుటుంబానికి వెళ్తుంది, రెండోది అమ్మకు.

నాన్న కేసెట్టు తిరిగి డబ్బాలో పెట్టాను. కేసెట్టు పై అంచున రెండు చిన్న ప్లాస్టిక్ రేకులు ఉంటాయి, అవి విరిస్తే దాని మీద ఇంకేదీ రికార్డు కాదు. నాన్న వాటిని విరవలేదు. ఈ రాత్రి రెండూ విరిచాను.